పార్కింగ్ పరిచర్యలో ఉండగా నాకు కలిగిన విడుదల

సహోదరీ సహోదరులారా, కొందరిని ప్రభువు సారా కొట్టులోంచి లాగాడు, కొందరిని పేకాట బల్ల దగ్గరనుంచి లాగాడు, నన్ను మాత్రం ఒక సోఫాలోంచి లాగాడు! అది మామూలు సోఫా కాదు. కెనడాలో, మిల్టన్‌లోని మా టౌన్‌హౌస్ హాలును సగానికి పైగా ఆక్రమించి, సరిగ్గా నేను కూర్చునే చోట గుంట పడి, అందులో నీళ్ళు పోస్తే కొర్రమీనులు పెంచుకోవచ్చన్నట్టుండేది. దానికి ఎదురుగా ఉన్న టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ వెలుగుకి ఎదురింటివాళ్ళ కిటికీలోని మొక్కలు సూర్యుణ్ణి వదిలేసి మా ఇంటివైపు తిరిగి పెరుగుతున్నాయని నా భార్య విజయ అనేది. ఆ గుంటలో, ఆ వెలుగులో, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటనుంచి నేను బందీగా ఉండేవాణ్ణి. నన్ను బంధించింది అమెరికావాళ్ళ ఫుట్‌బాల్.

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకునేరు. ఆ ఆటలో కాలికి పని తక్కువ, తలకి పని ఎక్కువ, అదీ ఆలోచించడానికి కాదు, గుద్దడానికి! గాదెలంత మనుషులు తలమీద హెల్మెట్ పెట్టుకుని, కోడిగుడ్డును సాగదీసినట్టుండే ఒక బంతి కోసం ఒకరినొకరు పొట్టేళ్ళలా ఢీకొంటారు. ఉద్యోగానికని అమెరికాలో ఉన్న ఏళ్ళలో ఆఫీసులో పక్క సీటతను దీన్ని నాకు అంటించాడు. వీసా బాధలు పడలేక కెనడా వచ్చేస్తూ అక్కడి మంచాలూ కుర్చీలూ అన్నీ వదిలేశాను గాని ఈ జబ్బును మాత్రం సూట్‌కేసు అడుగున ఆవకాయ సీసాల మధ్య దాచి బార్డర్ దాటించాను, కస్టమ్స్ వాళ్ళు ఆవకాయను పట్టుకున్నారే తప్ప దీన్ని పట్టుకోలేదు! కెనడాకీ సొంతంగా అలాంటి ఆటే ఒకటి ఉంది, మైదానం ఇంకాస్త పెద్దది కూడా, అయినా దాన్ని నేను కన్నెత్తి చూసేవాణ్ణి కాదు. బానిసకి కూడా తన యజమాని మీద అంత అభిమానం ఉంటుంది.

చూడడంతో ఆగిందా? ఆఫీసువాళ్ళం కలిసి ఆ ఆటగాళ్ళను పేరుపేరునా పంచుకుని ఉత్తుత్తి టీమ్‌లు కట్టుకునేవాళ్ళం, నిజం ఆటలో నావాడు పరుగెత్తితే ఉత్తుత్తి ఆటలో నాకు పాయింట్లు. సంతలో ఎడ్లబేరగాడు తోక ఎత్తి, పళ్ళు చూసి, గంగడోలు నిమిరినట్టు నేను ఆ పిల్లల తొడలూ భుజాలూ ఎత్తూ బరువూ బట్టీపట్టేవాణ్ణి. ఒకసారి నావాడికి మోకాలు విరిగి పాపం మైదానంలో గడ్డి పీక్కుంటూ ఏడుస్తుంటే, నేనూ ఏడ్చాను సహోదరులారా. వాడి మోకాలి కోసం కాదు, నా పాయింట్ల కోసం!

తణుకు దగ్గరి మా పల్లెలో మా నాన్న సంఘపెద్ద. కోడిపందేల బరి ఉన్న దారిలో వెళ్ళాల్సి వస్తే ఆయన పొలం గట్ల మీద చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, నోరులేని ప్రాణికి కత్తి కట్టి అది చస్తుంటే కేకలేసేవాడికన్నా ఆ కోడే నయం అనేవాడు. ఆయన కొడుకును నేను. నోరున్న ప్రాణికి హెల్మెట్ కట్టి, అది కూలితే నాలుగు వైపులనుంచి మళ్ళీ మళ్ళీ తిప్పి చూపిస్తుంటే, పకోడీ నములుతూ ఇంకోసారి చూపించమనేవాణ్ణి. కోడికైనా చావు ఒక్కసారే, ఈ పిల్లలు రీప్లేలో పదేపదే పడేవారు.

ఇక మా తెలుగు సంఘం. ఇంగ్లీషువాళ్ళ చర్చి భవనాన్ని మేము ఆదివారం మధ్యాహ్నం వాడుకుంటాం, ఉదయం వాళ్ళు ఆరాధించుకున్నాక మాకు ఖాళీ. అంటే మా ఆరాధన, నా ఆట, రెండూ ఒకే వేళకి! సాతాను క్యాలెండర్ చూసుకునే పని చేస్తాడు. మొదట్లో గొంతు బాగోలేదన్నాను, తర్వాత నడుమన్నాను, చెప్పడానికి శరీరంలో అవయవాలు అయిపోయాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పార్కింగ్ పరిచర్య! పసుపురంగు చొక్కా తొడుక్కుని బయట నిలబడి కార్లకు దారి చూపించడం, పాట మొదలవగానే నా కార్లో దూరి, హీటర్ వేసుకుని, స్టీరింగ్‌కి ఫోన్ ఆనించి ఆట చూసుకోవడం. ఉమ్మేస్తే నేలకి చేరేలోపు గడ్డకట్టే చలిలో కూడా సుందర్ బ్రదర్, అంటే నేను, బయటి పరిచర్య వదలడని పాస్టర్‌గారు ప్రసంగవేదిక మీదనుంచి ప్రకటించినప్పుడు సంఘమంతా స్తోత్రం అందట. నేను వినలేదు. కార్లో ఉన్నాను.

అవి విద్యార్థులు వరదలా వచ్చిన రోజులు. మా సంఘంలో కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడేవారు, కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌నుంచీ లండన్‌నుంచీ ఒక్కో కార్లో పట్టినంతమంది, పట్టనంతమంది కూడా, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వచ్చేవారు. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌసుల్లో పెట్టెలు మోసే పని, ఆదివారం మాత్రం ప్రభువు సన్నిధి. ఆ పిల్లలకి మంచిమాటలు చెప్పే బాధ్యతను పాస్టర్‌గారు, చలిలో నిలబడే నా త్యాగాన్ని చూసి, నాకే అప్పగించారు!

వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏముంది, ఫుట్‌బాల్ తప్ప? తల అదిరి, కళ్ళు తేలేసి కూలిపోయిన ఆటగాణ్ణి చూసి ఆ కామెంటరీ చెప్పేవాళ్ళు వాడి గంట మోగిందంటారు, నవ్వుతూ అంటారు. అలా గంట మోగి పడిన ఒకడు లేచి, దులుపుకుని, మళ్ళీ ఆడి గెలిపించిన కథను నేను యౌవనస్థుల కూడికలో చెప్పాను. చెప్పడమంటే అలా ఇలా కాదు, నేనే పడి, నేనే లేచి, కుర్చీల మధ్య పరుగెత్తి, ప్రసంగవేదిక దగ్గర గెలిచినవాళ్ళు బంతిని కొట్టినట్టు ఒకరి నీళ్ళసీసా నేలకేసి కొట్టి, విశ్వాసి అంటే ఇలా ఉండాలి, గంట మోగినా గ్రౌండ్ వదలకు అని ముగించాను. ఒకటే చప్పట్లు! ఆ మాట పిల్లల ఫోన్లలో స్టేటస్ అయింది, రిట్రీట్‌కి టీషర్టులు కుట్టిస్తే వాటిమీద పెద్ద అక్షరాలతో అచ్చయింది. గంట మోగినా గ్రౌండ్ వదలకు. పౌలు సీలలకు కూడా ఇంత పేరు రాలేదనుకుని మురిసిపోయాను.

ఆ టీషర్టు వేసుకున్న పిల్లల్లో బ్లెస్సీ ఒకతె. ఖమ్మం అమ్మాయి, మా బేస్‌మెంట్‌లో అద్దెకుండేది, కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో పనిచేస్తూ చదువుకునేది. విజయకి కూతుర్లాంటిది, నాకు నా ఆట మధ్యలో కింద బట్టలుతికే మెషిన్ తిప్పే శత్రువులాంటిది.

ఒక ఆదివారం, మంచు పడుతోంది, లోపల ఆరాధన జరుగుతోంది, నేను కార్లో నా పరిచర్యలో ఉన్నాను. వెనక తలుపు తెరుచుకుని బ్లెస్సీ వచ్చి కూర్చుంది. లోపల డ్రమ్స్ మోత తలలో గుచ్చుతోందనీ, లైట్లు చూడలేకపోతున్నాననీ, కాసేపు ఇక్కడ కూర్చుంటాననీ చెప్పింది. సరేనమ్మా అన్నాను, వెనక్కి తిరిగి చూడలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఫోన్లో అవతలి టీమ్‌లోని మంచి ఆటగాణ్ణి మావాడు తలమీద తలతో గుద్దాడు. వాడు పడ్డాడు. నేను సీట్లోంచి ఎగిరి కారు కప్పుకి నా తల కొట్టుకుని మరీ, గంట కొట్టేశాడ్రా అని అరిచాను.

వెనకనుంచి చిన్న గొంతు వినబడింది.

"అంకుల్, నాకూ గంట మోగుతుంది."

తిరిగి చూశాను. ముందురోజు వేర్‌హౌస్‌లో పై అరనుంచి ఒక పెట్టె జారి తనమీద పడిందట, కాసేపు కళ్ళు కనబడలేదట, అయినా లేచి, నవ్వి, షిఫ్ట్ మొత్తం పనిచేసి వచ్చిందట. ఎవరికీ చెప్పలేదట. ఎందుకమ్మా అంటే, కోటు జిప్పు కొంచెం కిందికి లాగి లోపలి టీషర్టు చూపించింది.

"మీరే చెప్పిన్రు గదా అంకుల్, గ్రౌండ్ వదలొద్దని."

ఆ పిల్ల ఇంకా నావైపే చూస్తోంది, చూపు మాత్రం నా దగ్గరికి చేరడం లేదు, నా చెవి పక్కనుంచి ఎటో పోతోంది. మెల్లగా అడిగింది.

"అంకుల్, ఇయ్యాల ఏం వారం?"

చర్చి ముందు, కార్లో కూర్చుని, లోపలినుంచి పాట వినబడుతుండగా, ఇయ్యాల ఏం వారమని అడుగుతోంది. నేను ఫోన్ వైపు చూశాను. పడినవాడు ఇంకా లేవలేదు, వాడి చెయ్యి ఒకటి కొయ్యబారి గాల్లో నిలిచిపోయి ఉంది, వాడి కళ్ళూ అలాగే ఎటో పోతున్నాయి. అంతలో ఆ బొమ్మ పోయి పిజ్జా ప్రకటన వచ్చింది. ఒక తల్లి కన్న బిడ్డ నేలమీద కదలకుండా పడి ఉంటే, వాళ్ళు పిజ్జా మీద చీజ్ సాగదీసి చూపిస్తున్నారు సహోదరులారా! ఇన్నేళ్ళలో ఆ ప్రకటన నేను ఎన్నిసార్లు చూసి ఉంటానో, చూసిన ప్రతిసారీ నాకు ఆకలే వేసింది. ఆ రోజు మాత్రం ఫోన్‌ను బోర్లా పెట్టేశాను.

విజయను బయటికి పిలిచి, ముగ్గురం ఆస్పత్రి ఎమర్జెన్సీకి పోయాం. మన కెనడా ఎమర్జెన్సీ సంగతి మీకు తెలుసు, అక్కడ కూర్చుంటే గోళ్ళు పెరిగి, గడ్డం పెరిగి, చివరికి విశ్వాసం కూడా పెరుగుతుంది. పేరు రాసుకుంటున్న నర్సమ్మ బ్లెస్సీ చొక్కా చూసి, ఆ అక్షరాలు చాలా ముద్దుగా ఉన్నాయి, ఏమని అర్థం అని నన్నడిగింది. పాతికేళ్ళుగా ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్న నాకు ఇంగ్లీషు రాలేదు. తలకి దెబ్బ తగిలిన పిల్లను పక్కన పెట్టుకుని ఆ మాటను ఏ భాషలోకి మార్చి చెప్పను? "ఇట్ ఈజ్ ఎ మిస్టేక్" అన్నాను. అచ్చుతప్పు అనుకుంది పాపం, పర్లేదులెండి అంది.

అక్కడ గోడకి టీవీ ఉంది. అందులో అదే ఆట! ఆస్పత్రి కదా, శబ్దం తీసేశారు. శబ్దం లేకుండా ఆ ఆటను నేను ఎప్పుడూ చూడలేదు. బూరలు లేవు, జనం హోరు లేదు, అతను యోధుడు, ఇతను సింహం అనే ఆ గొంతులు లేవు. అవన్నీ తీసేస్తే మిగిలిందేమిటి? కొంతమంది పిల్లలు ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకుంటున్నారు, చుట్టూ వేలమంది నిలబడి నోళ్ళు తెరుస్తున్నారు. ఒంటిమీద బట్ట తీసేసిన రాజులా ఉంది ఆ ఆట. అంతలో, కార్లో ఉండగా నేను చూసిన ఆ పడినవాడు, ఆ కొయ్యబారిన చెయ్యివాడు, హెల్మెట్ పెట్టుకుని మళ్ళీ మైదానంలోకి నడిచొచ్చాడు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. ఎవరూ వాణ్ణి ఇవాళ ఏ వారం అని అడిగినట్టు లేదు. గంట మోగినా గ్రౌండ్ వదలలేదు, మెచ్చుకుంటున్నారు. విరిగేదాకా మెచ్చుకుంటారు, విరిగాక ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. నేను చూసినన్నాళ్ళూ అదే జరిగింది.

ఇటు పక్కన కుర్చీలో మా బ్లెస్సీ, కళ్ళు మూసుకుని, విజయ భుజం మీద తల పెట్టుకుని ఉంది. టీవీకి వీపు పెట్టి నేను ప్రార్థించాను. అంతవరకు నా ప్రార్థనలన్నీ ఆట గురించే, ప్రభువా మావాడికి బంతి అందించు అని ఉపవాసం కూడా ఉన్నాను, ఆ ఉపవాసంలో పకోడీ లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం ఇలా అడిగాను: "ప్రభువా, ఇన్నాళ్ళూ నిన్ను రిఫరీని పిలిచినట్టు పిలిచాను, క్షమించు. ఈ పిల్ల తల నీ చేతిలో పెట్టుకో. ఆ తెరమీది పిల్లవాడి బరువు నాకు తెలుసు, ఎత్తు తెలుసు, వాడి తల్లి పేరు తెలియదు, ఆ తల్లి నీకు తెలుసు. వాణ్ణి కూడా ఎవరైనా బయటికి పిలిచేలా చెయ్యి. నా నోట్లోంచి వచ్చిన ఆ మాటను నువ్వే వెనక్కి తీసుకో, నా వల్ల కాదు."

దేవునికే మహిమ! స్కానింగ్‌లో తల లోపల రక్తం గడ్డకట్టలేదు, పుర్రె చిట్లలేదు. మెదడు గట్టిగా అదిరింది, చీకటిగదిలో విశ్రాంతి కావాలి, ఫోన్ చూడకూడదు, చదవకూడదు, పని అసలే కూడదు అని డాక్టరమ్మ చెప్పింది. దెబ్బ తగిలాక అలాగే పనిచేయడం, ఆ స్థితిలో ఇంకో దెబ్బ తగలడం, వీటితోనే ప్రాణాలమీదికి వస్తుందనీ చెప్పింది. ఆమె అటు వెళ్ళిందో లేదో బ్లెస్సీ ఫోన్ కోసం వెతకడం మొదలుపెట్టింది. మర్నాటి షిఫ్టుకి వస్తానని మెసేజ్ పెట్టాలట, రానంటే మళ్ళీ పిలవరట, కొత్త పిల్లలు ఎంతమందో తలుపు దగ్గర నిలబడి ఉన్నారట.

సహోదరులారా, అప్పుడు తెలిసింది నాకు, ఆ పిల్ల ఉన్నదీ అలాంటి మైదానంలోనే. ఇక్కడ చప్పట్లు కూడా లేవు. అందులో నిలబడమని పురెక్కించింది నేను! వద్దమ్మా అన్నాను. మరి అప్పుడు అట్ల చెప్పిన్రు కదా అని చూసింది. చదివిన ప్రసంగాలు గుర్తు రాలేదు, చిన్నప్పుడు ఆదివారపు బడిలో మా నాన్న గోడకి తగిలించిన గొర్రెల కాపరి బొమ్మ ఒక్కటే గుర్తొచ్చింది.

"నేను తప్పు చెప్పానమ్మా," అన్నాను. "కాపరి తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళాడు కదా, దొరికాక లేచి పరుగెత్తమన్నాడా? భుజాలమీద ఎత్తుకున్నాడు. నువ్వు ఇప్పుడు పరుగెత్తే గొర్రెవి కాదు, ఎత్తుకునే గొర్రెవి."

బ్లెస్సీ కోటు జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే మీరే పెట్టండి అంకుల్, రాను అని. నాకు అక్షరాలన్నీ అల్లుకపోతున్నయ్."

ఆ రెండు ముక్కల మెసేజ్ కొట్టి, పంపి, ఫోన్‌ను విజయ హ్యాండ్‌బ్యాగ్‌లో పడేశాను.

ఇక మా ఇల్లు! పిల్లను బేస్‌మెంట్‌లోంచి పైగదికి మార్చాం, కిటికీలకు దుప్పట్లు కట్టాం, చారు తాలింపు కూడా చిటపటలాడకుండా విజయ మూత పెట్టి వేసేది. ఇంట్లో ఏ గంటా మోగకూడదని నేను కాలింగ్‌బెల్ తీగ పీకేశాను. సంఘంలోని పిల్లలు కూరలు తెచ్చి, మెట్లమీద పెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని మంచులో మేజోళ్ళతో వెనక్కి నడిచేవారు. టీవీ పెట్టే ప్రశ్నే లేదు. పిల్ల కోసం ఇంట్లోనే ఉండిపోయిన మొదటి ఆదివారం ఒంటిగంట అయ్యేసరికి నా చేతులు రిమోట్ కోసం వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి, చెమటలు, దాహం, కాళ్ళు ఒకచోట నిలవవు. ప్రభువా అని కేకేద్దామంటే కేకలు వేయకూడదు కదా, గొణిగాను. పార తీసుకుని బయటికి పోయి మా ఇంటిముందు మంచు ఎత్తాను, పక్కింటిముందు ఎత్తాను, వీధి వీధంతా ఎత్తేశాను, మునిసిపాలిటీ మంచుబండి వచ్చి చేయడానికి పనిలేక నన్నోసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది! అలా కొన్ని వారాలకి నా చేతులు వాటి పని అవి మర్చిపోయాయి. ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. జ్వరం దిగాక కదా దిగిందని తెలిసేది.

బ్లెస్సీ మెల్లగా తేరుకుంది. ఆ వేర్‌హౌస్ మళ్ళీ పిలవలేదు, ఆమె అన్నట్టే అయింది, దాన్ని దాచను. కాలేజీవాళ్ళు పరీక్షలకి గడువు ఇచ్చారు, తర్వాత ఒక ఫార్మసీ కౌంటర్లో పని దొరికింది. ఇప్పుడు నవ్వితే కళ్ళు కూడా నవ్వుతాయి, నా ఉపమానాలకి తప్ప.

పిల్లలందరి ముందు నిలబడి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఈసారి పడలేదు, పరుగెత్తలేదు, ఎవరి నీళ్ళసీసా పగలగొట్టలేదు. బ్లెస్సీ ఒక మార్కర్ తీసుకుని తన టీషర్టు మీద "మోగినా"ను "మోగితే" చేసింది, "వదలకు"ను "వదులు" చేసింది, పిల్లలంతా వరసగా తమ చొక్కాలు పట్టుకొచ్చారు. గంట మోగితే గ్రౌండ్ వదులు. మా టీవీని సంఘానికి ఇచ్చేశాం, ఇప్పుడు దానిమీద పాటల చరణాలు వస్తాయి, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మలు కాదు కదా, పక్క వీధిలో నడిచేవాళ్ళు కూడా చూసి పాడుకోవచ్చు! సోఫా మాత్రం ఎవరూ తీసుకోలేదు, గుంట చూసి భయపడ్డారు.

నేను మీ ఇళ్ళలో రిమోట్లు ఏరుకోవడానికి రాలేదు ప్రియులారా. ఒక్కటే అడుగుతున్నాను, ఒక్కసారి శబ్దం తీసేసి చూడండి. తర్వాత మీకూ ప్రభువుకూ మధ్య. ఆ ఆటగాళ్ళ పేర్లు నేను బట్టీపట్టింది వృథా కాలేదు, ఇప్పుడు పేరుపేరునా వాళ్ళ కోసం ప్రార్థిస్తున్నాను. ఎవరైనా మీ కళ్ళముందు లేవలేని స్థితిలో ఉంటే, పరీక్షల్లో గాని, పనిలో గాని, మనసులో గాని, లేచి ఆడమని చప్పట్లు కొట్టకండి. మీరే అలా పడి ఉంటే, లేవలేకపోతున్నందుకు సిగ్గుపడకండి, ఎత్తుకునేవాడు ఉన్నాడు, ఆయన భుజాలు నాలాంటి గాదెను కూడా మోశాయి!

పార్కింగ్ పరిచర్య నేను వదల్లేదు. ఇప్పుడు నిజంగానే బయట నిలబడతాను, ముక్కు నీలంగా మారుతుంది, నిజమైన పరిచర్య ఇంత చల్లగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మొన్నొక వారం, ఆలస్యంగా వచ్చే కార్ల కోసం చూస్తూ పాట మొదలైనా అలాగే నిలబడి ఉన్నాను. తలుపు తెరుచుకుంది, బ్లెస్సీ బయటికొచ్చి, నా నెత్తిమీది మంచు దులిపి, నా పసుపు చొక్కా పట్టుకుని లాగింది.

"ఇయ్యాల ఆదివారం అంకుల్," అంది. "లోపలికి రండి."